గోలా బండి తప్పేం లేదు

మనుషుల కళ్ళలోకి చూసి మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. గొంతులోకి చూడటం మాత్రం వచ్చు. నోరు పెద్దగా తెరిచిన మనిషి మనల్ని ఏమీ అడగలేడు. మనమూ ఏమీ చెప్పక్కర్లేదు. నాలుక మీద చెక్కపుల్ల ఆనించి, టార్చి వేసి, దూది చుట్టిన పొడవాటి పుల్లతో గొంతు వెనక రెండు పక్కలా ఒకసారి రాసి తీస్తే పని అయిపోతుంది. పాతబస్తీలోని ఒక ఆసుపత్రి ల్యాబులో ఈ ఉద్యోగం దొరికినప్పుడు అందరికంటే ఎక్కువగా నవ్వింది మా బాపు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "నా బిడ్డ నలుగుర్ల నోరు తెరవది. గిప్పుడు ఊరి నోరంత తెరిపిస్తదట" అని జల్‌పల్లిలో మా గల్లీ అంతా చెప్పుకొచ్చాడు.

మేము వెతికేది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కోసం. పిల్లల గొంతులో చేరుతుంది. చాలామందికి నాలుగు రోజుల జ్వరం, మింగితే నొప్పి, అంతటితో పోతుంది. కొద్దిమందిలో మాత్రం గొంతు బాగయ్యాక కీళ్ళు వాస్తాయి, ఆ తర్వాత గుండెలోని కవాటాలు దెబ్బతింటాయి. పాతబస్తీలో గొంతునొప్పి పిల్లల దగ్గర ఈ బ్యాక్టీరియాను సేకరించి, దాని జీనోమ్ మొత్తం చదివి, ఏ మందులకు లొంగడం మానేస్తోందో, అలా లొంగనిది ఏ గల్లీ నుంచి ఏ గల్లీకి పోతోందో కనిపెట్టడం మా ప్రాజెక్టు.

దూదిపుల్లను గొర్రె రక్తం కలిపిన ఎర్రటి ప్లేటు మీద గీసి వెచ్చటి పెట్టెలో ఉంచితే, మర్నాటికి మంచు చుక్కల్లాంటివి లేస్తాయి. ఒక్కో చుక్క చుట్టూ ఎరుపు కరిగిపోయి అద్దంలాంటి వలయం ఏర్పడుతుంది. వలయం కనిపిస్తే మా బ్యాక్టీరియా దొరికినట్టే. దాని డీఎన్ఏ తీసి, స్టేప్లర్ అంత ఉండే ఒక చిన్న యంత్రంలో వేస్తే, కంప్యూటర్ తెర మీద అక్షరాలు రావడం మొదలవుతుంది. నాలుగే అక్షరాలు, మార్చి మార్చి, మొత్తం పద్దెనిమిది లక్షల దాకా.

నేను కథల పుస్తకాలు చదువుతానని ల్యాబులో ఎవరికీ తెలియదు. బస్సులో చదివేటప్పుడు కూడా అట్ట కనపడకుండా పాత పేపరు చుట్టుకుంటాను. అందుకేనేమో ఈ అక్షరాల పని నాకు కొత్తగా అనిపించలేదు. అచ్చు లేని కాలంలో ఒక పుస్తకాన్ని చేత్తో రాసుకునేవాళ్ళు. రాసేవాడు ఒకచోట తప్పు రాస్తే, దాన్ని చూసి రాసుకున్నవాడు కూడా అదే తప్పు రాసేవాడు. తప్పుల్ని పోల్చి చూస్తే ఏ ప్రతి ఏ ప్రతి నుంచి వచ్చిందో చెప్పొచ్చు. బ్యాక్టీరియా కూడా తనను తాను అలాగే రాసుకుంటుంది. రెండు గొంతుల్లో దొరికిన వాటిలో అవే తప్పులుంటే అవి దగ్గరి బంధువులు. కంప్యూటర్ వాటిని చెట్టు కొమ్మల్లా గీసి చూపిస్తుంది.

ఆ పాప మొదటిసారి వానాకాలం చివర్లో వచ్చింది. తొమ్మిదేళ్ళుంటాయి. బార్కస్ దగ్గర ఒక గల్లీలో ఇల్లు, నేను రోజూ బస్సులో దాటే గల్లీయే. వాళ్ళమ్మ ఇంట్లోనే మగ్గం పని చేస్తుంది, చీరల మీద, దుపట్టాల మీద జరీ, పూసలు కుడుతుంది. బుర్ఖా ముసుగు పైకెత్తి కూతురి గడ్డం పట్టుకున్నప్పుడు ఆమె వేళ్ళ చివర సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు కనిపించాయి.

"గోలా బండి గంట ఇనబడితే చాలు బేటీ, ఇది ఆగది" అంది నాతో. తురిమిన మంచు మీద రంగు పాకం పోసి, పుల్లకు గుచ్చి అమ్మే బండి అది. "బరఫ్ తిని తిని గొంతు ఖరాబ్ చేసుకుంటది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఝూట్. ఒక్కసారే తిన్న" అంది పాప బొంగురు గొంతుతో.

"ఒక్కసారి తింటే నాలుక గట్ల నారింజ రంగెందుకున్నది?"

"గది మందు రంగు."

నాకు నవ్వొచ్చింది కానీ మాస్కు ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. పాపకు మాత్రం తెలిసింది. నోరు తెరిచి, నా కళ్ళవైపే చూస్తూ "ఆ" అంది. గొంతు ఎర్రగా వాచి ఉంది.

పాప సంగతి వాళ్ళమ్మ నెమ్మదిగా చెప్పింది. పోయిన రంజాన్‌కు కొంచెం ముందు మోకాళ్ళు వాచాయి. ఒక మోకాలు తగ్గితే ఇంకోటి, తర్వాత చీలమండ. పెద్ద ఆసుపత్రిలో గుండెకు స్కానింగ్ తీసి, ఒక కవాటం దగ్గర రక్తం కొద్దిగా వెనక్కి లీకవుతోందని చెప్పారు. ఇక ముందు గొంతు ఇన్ఫెక్షన్ రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి, కొన్నేళ్ళపాటు. మొదటి సూదికి ముందు, మందు పడుతుందో లేదో చూడటానికి ముంజేతి మీద చిన్న టెస్టు సూది వేస్తారు. అది వేసి బెంచీ మీద కూర్చోబెట్టిన కాసేపటికే పాప తెల్లగా పాలిపోయి, చెమటలు పట్టి, పక్కకు పడిపోయింది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చి ఇంకేవో సూదులు వేసి, సెలైన్ పెట్టారు. లేచి కూర్చుంది. ఆ రోజు నుంచి ఆమె కాగితాలన్నిటి మీదా పెన్సిలిన్ పడదని ఎర్ర సిరాతో ఉంది. సూదికి బదులు రోజూ రెండు పూటలా వేరే గోళీలు, గొంతు మరీ నొప్పి చేసినప్పుడు అదే జాతి మందు ఇంకొంచెం గట్టిది.

"నా చేతుల్లనే పడ్డది. చచ్చిపోయిందనుకున్న" అంది వాళ్ళమ్మ. ఆ మాట అంటున్నప్పుడు పాప తల వంచుకుని చెప్పు బకిల్ సరిచేసుకుంటోంది. అమ్మకు బాధ అని అలా చేస్తోందనుకున్నాను.

దసరా ముందు మళ్ళీ వచ్చారు. చలి మొదలయ్యాక మళ్ళీ వచ్చారు. ప్రతిసారీ జ్వరం, ప్రతిసారీ గోలా బండి మీద తిట్లు. చలికాలంలో గోలా బండి ఎక్కడుందని పాప అడిగితే, "నీ కోసం ఏడనో ఉంటది" అంది వాళ్ళమ్మ. మా మేడమ్, అంటే ల్యాబు నడిపే డాక్టరు, మూడు శాంపిళ్ళనూ కలిపి సీక్వెన్సింగ్‌కు పెట్టమంది. ఆమెది కాకినాడ వైపు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా యాస మారలేదు.

ఫలితాలు వచ్చిన రోజు నన్ను తెర దగ్గరకు పిలిచింది. కొమ్మల బొమ్మలో ఆ పాప చుక్కలు మూడూ ఒకే రెమ్మ మీద, ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉన్నాయి. పద్దెనిమిది లక్షల అక్షరాల్లో మూడింటికీ తేడా దాదాపు లేదు. ఇంట్లో మిగిలినవాళ్ళ గొంతులూ చూశాం, వాళ్ళ దగ్గర అది లేదు.

"ఇవి మూడు ఇన్ఫెక్షన్లు కావమ్మా" అంది మేడమ్. "ఒక్కటే. అది మళ్ళీ మళ్ళీ రావట్లేదు. అసలు వెళ్ళనే లేదు."

"గోళీలు వేసుకుంటోంది కదా మేడమ్."

"వేసుకుంటోంది. దీనికి ఆ గోళీ అంటే లెక్కే లేదు. ఇదిగో, ఈ జన్యువు చూడు. మందు వచ్చి ఎక్కడ పట్టుకోవాలో ఆ చోటునే మార్చేస్తుంది. లోపలికి వెళ్ళినా మందుకు పట్టు దొరకదు." తెర మీద ఆ వరుసను వేలితో చూపించింది. అదే జన్యువు ఉన్నవి ఇంకా కొన్ని మా చెట్టు మీద ఉన్నాయి, పక్క గల్లీలవి. జలుబుకూ దగ్గుకూ అందరూ అవే గోళీలు మింగుతుంటే, వాటికి అలవాటు పడినవే మిగిలి పెరుగుతున్నాయి.

"పెన్సిలిన్‌కి మాత్రం ఇది ఇప్పటికీ లొంగుతుంది. ప్లేటు మీద చూశాం కదా, మందు బిళ్ళ చుట్టూ ఎంత మేర చచ్చిందో. అదేమో ఈ పిల్లకి పడదాయె." మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. వేరే మందులు లేకపోలేదు. కానీ ఏళ్ళ తరబడి గుండెను కాపాడటానికి ఆ సూదంత నమ్మకమైనది లేదు. ఇంకోసారి కీళ్ళు వాస్తే ఈసారి కవాటం ఎంత దెబ్బతింటుందో చెప్పలేమని గుండె డాక్టరు ముందే చెప్పాడు.

ఆ సాయంత్రం బస్సు మధ్యలోనే దిగి వాళ్ళింటికి వెళ్ళాను. పిలవని ఇంటికి నా అంతట నేను వెళ్ళడం అదే మొదటిసారి అనుకుంటాను. గదిలో సగానికి పైగా మగ్గం చట్రమే ఉంది. దాని మీద బిగించిన ఎర్ర గుడ్డ మీద వాళ్ళమ్మ పూసలు కుడుతోంది. పాప ఆ చట్రం కింద దూరి పడుకుని హోంవర్కు చేసుకుంటోంది.

"గోలా వల్ల కాదు" అన్నాను. దారంతా కూడబలుక్కున్న మాటల్లో ముందు అదే వచ్చింది.

"ఏందీ?"

"గొంతు. గోలా బండి తప్పేం లేదు. బరఫ్ వల్ల వచ్చింది కాదు. మొదటిదే లోపల ఉండిపోయింది. మందుకు పోలేదు."

"చూసినవా అమ్మీ" అని చట్రం కింద నుంచి తల బయటికి వచ్చింది.

"నీ కంప్యూటర్ గోలా తిన్నదా, దానికేం తెల్సు" అని వాళ్ళమ్మ నవ్వబోయి ఆగింది. నేను చెప్పినదాంట్లో చివరి మాట అప్పుడు చేరినట్టుంది. "మందుకు పోలేదా?"

అవునన్నాను.

"రోజూ రెండు పూటల నేనే నోట్ల ఏసిన" అంది. "ఒక్క పూట తప్పనియ్యలే. దావతుకు పోయినా కొంగుల కట్టుకొని పోయిన." సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. పైకి లాగలేదు. పాప మెల్లగా చట్రం కింద నుంచి వచ్చి, అమ్మ చేతిలో ఆగిన సూదిని తనే పైకి లాగి, దారం బిగించింది.

రాత్రిళ్ళు డైరీ రాసుకునే అలవాటు ఉంది నాకు. ఇంటికెళ్ళి తెరిస్తే ఆ సూది ఒక్కటే గుర్తొచ్చింది. అంతే రాశాను.

తర్వాత రంజాన్ వచ్చింది. పండగ ఆర్డర్లతో వాళ్ళమ్మకు మగ్గం దగ్గరి నుంచి లేవడానికే కుదరడం లేదు. ఆసుపత్రికి రాలేరు కాబట్టి శాంపిల్ నేనే ఇంటికెళ్ళి తెస్తానని మేడమ్‌కు చెప్పాను. వెళ్ళేసరికి పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు అయిపోయింది. ఇఫ్తార్‌కు ఇంకా సమయం ఉంది. వంటింట్లో నూనె కాగుతున్న చప్పుడు. చట్రం మీద ఈసారి ఆకుపచ్చ దుపట్టా. పాపను కిటికీ వెలుతురులో కూర్చోబెట్టి టార్చి తీశాను.

"పెద్దగా తెరువు."

తెరవబోయి మూసేసింది. నన్ను ఆపా అంటుంది, అక్క అని. "ఆపా, ఈ పుల్ల గొంతుకు తాకితే రోజా పోతదా?"

"నువ్వు ఉపవాసం ఉన్నావా?"

"లే. అమ్మీ ఉండనియ్యది. గోళీలు ఏసుకోవాలె గద." కాసేపు ఆలోచించింది. "పోయినసారి సూదికి పోయింది. గందుకే అడిగిన."

నా చేతిలో పుల్ల అలాగే ఉంది. "ఏ సూది?"

ఆమె వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించింది. "దవాఖానల చేతికి ఇచ్చిండ్రు చూడు, నేను పడిపోయిన రోజు. ఆ రోజు నేను రోజా ఉన్న. ఎవ్వరికి తెల్వది."

ఇక ఆపకుండా చెప్పేసింది. వాళ్ళ పిన్ని కూతురు ఈమె కన్నా చిన్నదట. దానికి అప్పటికే రోజా కుషాయి అయిపోయింది. పిల్లలు మొదటిసారి రోజంతా ఉపవాసం ఉంటే, ఆ సాయంత్రం కొత్త బట్టలు కట్టి, మెడలో పూలదండ వేసి, చుట్టాలను పిలిచి చేసే వేడుక అది. తనకు మాత్రం కీళ్ళు వాచాయి, ఒంట్లో బాగాలేదు, వచ్చే ఏడు చూద్దాంలే అన్నారు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక రోజా ఉండి, సాయంత్రం అందరి ముందూ చెప్పాలనుకుంది. తెల్లవారుజామున అందరూ తినేటప్పుడు నిద్ర నటిస్తూ పడుకుంది. పొద్దున అమ్మ పెట్టిన పూరీ కింద వాటాలోని మేకకు వేసింది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్తారని తనకు తెలియదు. అక్కడ వరుసలో నిలబడ్డప్పుడు అమ్మ బిస్కెట్ ఇస్తే చున్నీలో దాచుకుంది.

"మస్తు దాహమైంది. చక్కర్ వచ్చింది. లేచి చూస్తే సీసల నీళ్ళు చేతిలకు పోతున్నయి. నా రోజా పోయింది" అంది. ఏడాది తర్వాత కూడా ఆ మాట దగ్గర కింది పెదవి వణికింది. "నేను గందుకే ఏడ్చిన. అందరు సూది నొప్పి అనుకున్నరు."

"చేతి మీద దద్దుర్లు వచ్చినయా? దురద పెట్టిందా? ఊపిరాడలేదా?"

"లే."

"ఇంకేమైంది?"

"ఆకలైంది."

నేను పుల్లను మళ్ళీ గొట్టంలో పెట్టేశాను. ఆ సెలైన్‌లో చక్కెర కూడా కలిపి ఉంటుంది. పాపను లేపింది అదే కావచ్చు. ఈ మాట వెంటనే పైకి అనేయాలనిపించింది. కానీ ఆమె నా చేయి పట్టుకుంది.

"అమ్మీకి చెప్పకు. కసమ్ తిను."

నాతో చాలామంది రహస్యాలు చెబుతారు. మాట్లాడని మనిషి దగ్గర భద్రంగా ఉంటాయని. నిజమే, ఇప్పటివరకూ ఏదీ నా నోటి నుంచి బయటికి రాలేదు. మొదటిసారి ఒకటి దాచలేనిది వచ్చింది.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలె" అన్నాను. "ఇది చెప్తేనే నీకు సరైన మందు దొరుకుతది."

"కొడుతది."

"కొట్టదు."

"నీకేం తెల్సు? మా అమ్మీ నీకు మంచిగనే ఉంటది, నువ్వు మెహమాన్‌వి."

"నేను ఇక్కడనే కూసుంటా. నువ్వు చెప్పేదాక పోను."

అంతలో వాళ్ళమ్మ పళ్ళెంతో వచ్చి, "ఇఫ్తార్ చేసి పో బేటీ" అంది. ఎప్పుడూ ఏదో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆ రోజు సరేనని, తినడానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ పక్కన, పాప మోకాలికి నా మోకాలు ఆనేంత దగ్గరగా కూర్చున్నాను. వాళ్ళ నాన్న ఆటో ఆపి మసీదు దగ్గరే ఉపవాసం విడుస్తాడట, ముగ్గురమే ఉన్నాం. అజాన్ వినిపించింది. వాళ్ళమ్మ ఖర్జూరం నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది. పాప ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగింది.

"అమ్మీ, ఆ రోజు నేను రోజా ఉన్న."

"ఏ రోజు?"

"పడిపోయిన రోజు."

వాళ్ళమ్మ గ్లాసు కింద పెట్టింది. "బిస్కెట్ తిన్నవు గద. నేనే ఇచ్చిన."

"చున్నీల పెట్టిన."

"పూరీ?"

"మేక తిన్నది."

మిర్చీ బజ్జీలు చల్లారిపోతున్నాయి. వాళ్ళమ్మ చేయి చాచి కూతురి చెవి పట్టుకుంది. మెలి పెడుతుందనుకున్నాను. మెలి పెట్టలేదు, వదలనూ లేదు. చెవి పట్టుకునే తలను దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. "పాగల్ పోరి" అంది. "అల్లా అడిగిండా నిన్ను? జ్వరమున్న పిల్లను అల్లా రోజా అడుగుతడా?" ఇంకా ఏదో అంది, నాకు వినపడలేదు. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. నేనూ చూపు తిప్పుకోలేదు.

"అయితే దీనికి సూది పడతదా బేటీ?"

"తెల్వది. పడొచ్చు. మళ్ళ టెస్టు చేసి చూడాలె. అన్ని దగ్గర పెట్టుకొని, పెద్ద డాక్టర్ల ముందట. ఈసారి తినిపించి." ఆ ఇంట్లో అప్పటివరకూ నేను మాట్లాడిన వాటిలో అదే పెద్ద మాట.

మర్నాడు మేడమ్‌కు చెప్పాను. ఆమె వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలింది. "దద్దుర్లు లేవా, ఉబ్బు లేదా అని ఆ రోజు ఎవరో ఒకరు అడగాల్సింది" అని, వెంటనే, "మనం మాత్రం అడిగామా?" అంది. తెర మీద ఇంకా ఆ కొమ్మలే ఉన్నాయి. ఆ పాప గొంతులో ఉన్నదాని గురించి చివరి అక్షరం దాకా చదివాం. ఆ పాప పొద్దున ఏం తిన్నదో అడగలేదు. మేడమ్ అప్పటికప్పుడు గుండె డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన మొదట ఒప్పుకోలేదు. సీక్వెన్సింగ్ ఫలితం చెప్పి, ఇప్పుడిస్తున్న గోళీ పనిచేయడం లేదని చెప్పాక, సరే వార్డులో చేర్చి చూద్దామన్నాడు. పండగ దాకా ఆగుదామా అని అడిగితే, ఇప్పుడే చేయించమంది వాళ్ళమ్మ.

ఆ పొద్దున పాపకు ఆమె ఎంత తినిపించిందంటే, నర్సు "ఏం తిన్నవమ్మా" అని అడిగితే జవాబు పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. ఖిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా, పాపడ్, మీద ఒక అరటిపండు, ఆటోలో ఇంకో అరటిపండు.

"సూదికి జాగ ఉంచినవా లేదా?" అంది నర్సు.

తను మాత్రం ఉపవాసంతోనే వచ్చింది వాళ్ళమ్మ. ముంజేతి మీద టెస్టు సూది వేసి, చుట్టూ పెన్నుతో గీత గీశారు. పక్కనే ట్రేలో అవసరమైతే వేయాల్సిన మందులు, ఆక్సిజన్, ఒక డాక్టరు. వాళ్ళమ్మ ఆ చేతి వైపు చూడలేకపోయింది. గోడ వైపు తిరిగి పెదవులు కదుపుతూ దువా చదువుకుంటూ, వెనక్కి చాచిన చేత్తో నా చేతిని పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గరుకైన వేళ్ళు. చూసే పని నాకు పడింది. పెన్ను గీసిన వలయం నడుమ చిన్న ఎర్ర చుక్క. ల్యాబులో రోజూ వలయాల్నే చూస్తాను. ఏదైనా పెరిగితే సంతోషం అక్కడ. ఇక్కడ ఏమీ పెరగకూడదని రెప్ప వేయకుండా చూశాను.

"ఎట్లున్నది?" గోడ వైపు నుంచే అడిగింది.

"అట్లనే ఉన్నది."

"ఇప్పుడు?"

"అట్లనే."

"ఆకలైతలేదు అమ్మీ" అంది పాప. "కడుపు నొస్తున్నది తిని తిని."

డాక్టరు వచ్చి చుక్క మీద వేలితో తడిమి, గుండెకు స్టెతస్కోపు పెట్టి, తల ఊపాడు. తర్వాత మందు కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చి, ప్రతిసారీ ఆగి చూసి, ఆఖరున అసలు సూది తుంటికి వేశారు. ఆ సూది నిజంగా నొప్పి. పాప వార్డంతా వినపడేలా ఏడ్చింది. ఏడుస్తూనే, "గోలా కొనియ్యాలె" అంది.

"కొనిస్త" అంది వాళ్ళమ్మ.

"రెండు."

"నీ నోట్ల పళ్ళు రాలిపోవాలె, రెండే కొనిస్త." ఆమె అప్పుడు గోడ వైపు నుంచి తిరిగింది. ముఖమంతా తడిసి ఉంది.

ఇక మూడు వారాలకొకసారి సూది. నేను మళ్ళీ తీసిన శాంపిల్ ప్లేటును మర్నాడు పెట్టెలో నుంచి తీసి వెలుతురుకు పట్టుకున్నాను. మామూలుగా గొంతులో ఉండేవి నాలుగు చుక్కలున్నాయి. వలయాలు లేవు. ఆ తర్వాతదీ అంతే. వానలు మొదలయ్యాక మళ్ళీ గుండె స్కానింగ్ చేశారు. లీకు పెరగలేదు. బాగైందని డాక్టరు అనలేదు. "అట్లాగే ఉంది" అన్నాడు. ఆ మాటనే వాళ్ళమ్మ గల్లీలో అందరికీ మిఠాయి పంచినట్టు చెప్పుకుంది.

మా చెట్టు మీద ఆ కొమ్మ మాత్రం ఎండిపోలేదు. వేరే పిల్లల గొంతుల నుంచి కొత్త రెమ్మలు వస్తూనే ఉన్నాయి. మేడమ్ చుట్టుపక్కల క్లినిక్కుల డాక్టర్లను కూర్చోబెట్టి ఆ బొమ్మ చూపించింది. కొందరు విన్నారు. నేను మార్చుకున్నది చిన్న విషయం. నోరు తెరవమనే ముందు పిల్లల్ని ఒకటి రెండు మాటలు అడుగుతాను. పొద్దున ఏం తిన్నవు, ఎవరు పెట్టిండ్రు. వాళ్ళు కళ్ళలోకి చూసి జవాబు చెబుతారు. మొదట్లో కష్టమైంది, ఇప్పుడు అంత లేదు.

ఈ రంజాన్‌లో పాపకు రోజా కుషాయి చేశారు. సూది వేసిన మరుసటి వారం చూసుకుని, ఒక్క రోజే, డాక్టరును అడిగి. నన్నూ మేడమ్‌నూ పిలిచారు. మగ్గం చట్రం విప్పి గోడకు నిలబెడితే ఆ గది అంత పెద్దదా అనిపించింది. పాప వాళ్ళమ్మ కుట్టిన ఆకుపచ్చ బట్టల్లో, మెడలో మల్లెల దండతో మధ్యలో కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, ముఖం వెలిగిపోతోంది. పిన్ని కూతురు పక్కనే ఉంది, కొంచెం అసూయగా. వాళ్ళమ్మ నిమిషానికోసారి వచ్చి చక్కర్ వస్తున్నదా అని అడుగుతోంది. "లే అమ్మీ, ఎన్నిసార్లు అడుగుతవు" అని విసుక్కుంటోంది పాప.

అజాన్ అయింది. మొదటి ఖర్జూరం వాళ్ళమ్మే నోట్లో పెట్టింది. ఆ తర్వాత అందరూ వాకిట్లోకి వెళ్ళారు. అక్కడ గోలా బండి ఉంది. వేడుక కోసం వాళ్ళమ్మే మాట్లాడి పిలిపించిందట.

కాసేపటికి పాప జనంలోంచి దారి చేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చేతిలో పుల్ల, సగం తిన్న గోలా. నన్ను చూడగానే అలవాటుగా తల వెనక్కి వంచి, నోరు పెద్దగా తెరిచి "ఆ" అంది. చుట్టాలందరూ నవ్వారు. నా దగ్గర టార్చి లేదు, ఫోన్ లైటు వేసి చూశాను. నాలుక నారింజ రంగులో ఉంది. గొంతు బాగుంది.